అరణపు కొమ్మ

పగిడయ్య చేతికి కత్తెర వస్తే మనిషే వేరైపోతాడని నర్సరీలో కూలీలు నవ్వుకునేవాళ్ళు. పిలిస్తే వినపడదు, ఎండ తెలియదు, ఆకలి గుర్తుండదు. ఆ ఉదయం అక్క జంపక్క పెరట్లో గులాబీ చెట్టు ముందు నిలబడ్డప్పుడు కూడా అదే జరిగింది. మొదటి కొమ్మ కోసేటప్పుడు చెయ్యి కొంచెం తటపటాయించిన మాట నిజమే. రెండో కొమ్మకల్లా అది పని అయిపోయింది.

ఆ చెట్టు ఆషామాషీది కాదు. గిన్నెలు కడిగిన నీళ్ళు పారే చోట, దడికి ఆనుకుని, మనిషెత్తు లేచి ఎడ్లబండంత వెడల్పున పరుచుకుని ఉంది. తెల్లదొరల కాలంలో కాలువ బంగళాలో ఊడ్చే పనికి పోయిన ముత్తవ్వ ఎవరో, కొంగులో ఒక కొమ్మ దాచుకొచ్చి గుచ్చిందంటారు. పూలు పెద్దవేం కావు. లేత రంగు, గుప్పెడు రేకులు, పొద్దెక్కేసరికి రాలిపోతాయి. వాసన మాత్రం దడి దాటి బాట దాకా వచ్చేది. గోదావరి ఇసుక మీద కాలు పెట్టలేని రోహిణి ఎండల్లో కూడా ఆ చెట్టు పూసేది. మందు కొట్టినవాళ్ళు లేరు, ఎరువు వేసినవాళ్ళు లేరు.

ఆ సంగతే పగిడయ్య తన యజమానికి చెప్పాడు. సత్తుపల్లి రోడ్డు మీద వెంకటరామారావుగారి నర్సరీలో అంట్లు కట్టే పని అతనిది. ఖమ్మంలో మేడల మీద కుండీలు పెట్టుకునేవాళ్ళు అరచేయంత పూసే గులాబీలు కొనుక్కుపోవడం, ఏప్రిల్ దాటకముందే అవి మాడిపోవడం, వాళ్ళొచ్చి దెబ్బలాడడం ఏటా ఉండే తంతే. అలాంటి ఒక దెబ్బలాట తర్వాత రావుగారు తల పట్టుకుని కూర్చుంటే, పగిడయ్య ఫోన్ తీసి బొమ్మ చూపించాడు.

"గిది మా అక్క పెరట్ల ఉంటది సారూ. ఎండకు చావదు."

ఎవరూ అడగలేదు, ఎవరూ బలవంతపెట్టలేదు. ఇన్నేళ్ళు ఊళ్ళోవాళ్ళ మొక్కలకు అంట్లు కట్టినవాడికి, మా ఇంట్లోనూ ఒకటుందని చెప్పుకోవాలనిపించింది. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. ఈ పెరటి చెట్టు రావుగారికి పనికొచ్చింది.

ఆయన ట్రాలీ ఆటో కట్టించుకుని మరీ వచ్చి, దడి నీడన కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. ఇంట్లో ఎవరూ లేరు. అవి ఇప్పపువ్వు రాలే రోజులు. జంపక్క, పగిడయ్య కూతురు నాగలక్ష్మి చీకటితోనే గంపలు పట్టుకుని అడవికి పోయారు. భార్య పోయి, తాను నర్సరీ షెడ్డులో బతకడం మొదలుపెట్టిన దగ్గరినుంచి పగిడయ్య కూతుర్ని పెంచింది, పుట్టింటే ఉండిపోయిన అక్కే. వాళ్ళు వచ్చేదాకా ఆగుదామని అతను ఒకసారి అన్నాడు. ఎండెక్కితే కొమ్మ వాడుతుందని రావుగారు అన్నారు. అదీ నిజమే. పగిడయ్యకు ఆ నిజం ఎంతో సాయపడింది.

పెన్సిల్ లావున్న కొమ్మలు ఒక కట్ట, ముదిరినవి ఇంకో కట్ట. ప్రతిదాన్నీ కణుపు కింద ఏటవాలుగా కోసి, కింది ఆకులు గిల్లి, తడి గోనెలో వరసగా పేర్చాడు. విచ్చిన పూలు కింద పడుతుంటే తొక్కకుండా కాలితో పక్కకు నెట్టాడు. చెట్టు సగమైంది.

"నడిమివి ఉంచుదాం సారూ. వానలకు చిగురు పెడ్తది."

"ఉంచితే రేపు ఇంకొకడు ఇలాగే ఫోటో చూసి వస్తాడయ్యా. పదిమంది చేతుల్లో పడిందంటే ఇక సంతలో తోటకూరే. మన దగ్గరికి ఎవడొస్తాడు? మొత్తం తీసెయ్." రావుగారు లేచి వచ్చి చెట్టు చుట్టూ తిరిగారు. "మొదలు కూడా తవ్వు. తల్లి మొక్క మన దగ్గరే ఉండాలి."

పగిడయ్య గడ్డపార అందుకున్నాడు. రాతి నేల. వేరు ఎక్కడెక్కడికో పోయింది. మోకాళ్ళ మీద కూర్చుని మట్టి తోడుతూ, అడ్డమొచ్చిన పిల్లవేళ్ళను తెంపుతూ పోయాడు. మొదలు ఊడి వచ్చినప్పుడు, పెద్ద పని చేసినవాడిలా గట్టిగా ఊపిరి వదిలాడు కూడా.

జంపక్క, నాగలక్ష్మి వచ్చేసరికి ఆటోలో కట్టలన్నీ ఎక్కాయి. జంపక్క గంప నెత్తిమీద అలాగే ఉంచుకుని నిలబడింది. గుంట వైపు చూసింది. తడి గోనెలు చూసింది. తమ్ముడి మోకాళ్ళకు అంటిన మట్టి చూసింది.

"ఊరికే తీసుకుపోవడం లేదమ్మా," అన్నారు రావుగారు, దడి పక్కన పెట్టిన రెండు నల్ల కవర్ల మొక్కలు చూపిస్తూ. "మంచి జాతివి ఇచ్చాను. పువ్వు ఇంతింత వస్తుంది."

"మంచిది సారూ," అంది జంపక్క.

పగిడయ్య దగ్గరికి వచ్చి తమ కోయ మాటలో చెప్పాడు, "మొదలు కొంటబోయి ఆడ పెడ్తనక్కా. ఏం గాదు."

ఆమె గంప దించి అతని వైపు తిరిగింది. "ఎండబడి వచ్చినవ్. నీళ్ళు తాగి పో," అంది. తెలుగులో అంది.

పుట్టి బుద్ధెరిగిన దగ్గరినుంచి ఆ అక్కాతమ్ముళ్ళ మధ్య తెలుగు లేదు. తెలుగు సంతలో బేరానికి, ఫారెస్టువాళ్ళకు, ఓట్లడగ వచ్చేవాళ్ళకు. ఇంటి గడప దగ్గర దానికి పని లేదు. పక్కన రావుగారు ఉన్నారు కదా, ఆయనకూ అర్థం కావాలని అలా మాట్లాడిందని పగిడయ్య సర్దిచెప్పుకున్నాడు. సర్దిచెప్పుకోవడంలో అతన్ని మించినవాడు లేడు.

నాగలక్ష్మి మాత్రం గుంట దగ్గరే నిలబడి అడిగింది. "నా కొమ్మ ఏది నాయినా?"

అప్పుడు అతనికి గుర్తొచ్చింది. ఆ ఇంటి ఆడపిల్ల ఏ ఊరికి కోడలుగా పోయినా, ఆ చెట్టు కొమ్మ ఒకటి తడిగుడ్డలో చుట్టి మేనత్త ఆ పిల్ల ఒళ్ళో పెట్టాలి. అరణం కింద ఆవునిచ్చినా మేకనిచ్చినా కొమ్మ కొమ్మే. అది లేకుండా ఆ గడప దాటిన పిల్ల ఇంతవరకు లేదు. తునికాకు కోత అయిపోగానే నాగలక్ష్మి పెళ్ళి.

"నీకు పది మొక్కలు తెస్త బిడ్డా. కుండీలల్ల, వేరుతోటి తెస్త. ఒట్టి కొమ్మ దేనికి?"

మనస్ఫూర్తిగానే అన్నాడు. ఆ పిల్ల కిందికి వంగింది. రాలిన పూలు ఒక్కొక్కటే ఏరుకుని ఇప్పపువ్వు గంప మీద వేసుకుంది.

*

కొమ్మలను రావుగారి మంచు షెడ్డులో పెట్టారు. పైన సన్నటి గొట్టాలు, గంటగంటకూ పొగలాగా నీటి తుంపర, చుట్టూ తెల్ల కవరు. పగిడయ్య ఒక్కో కొమ్మ చివర వేళ్ళు పట్టించే పొడిలో ముంచి, కొబ్బరి పొట్టు నింపిన ట్రేలలో వేలితో గుంట చేసి గుచ్చాడు. మొదలును సిమెంటు తొట్టిలో పెట్టి, దాని మీద జనపనార గుడ్డ కప్పాడు. ఇంకెవర్నీ ముట్టనివ్వలేదు. మధ్యాహ్నం కూలీలు అన్నం తిని వేపచెట్టు కింద వాలితే, అతను షెడ్డులోకి దూరి ట్రేల మధ్య కూర్చునేవాడు.

వారం తిరిగేసరికి కణుపుల దగ్గర ఎర్రటి చిగుళ్ళు పొడిచాయి. రావుగారు మురిసిపోయి మనవరాలి పేరు పెట్టేశారు. 'లిఖిత పింక్' అని రంగురంగుల చీటీలు అచ్చేయించి పెట్టె నిండా తెచ్చారు. మండుటెండలోనూ పూసే గులాబీ అని హైదరాబాద్ దుకాణాలకు ఫోన్లు చేశారు. ఫోన్లో మాట్లాడుతూనే పగిడయ్య భుజం తట్టారు. పేరు సంగతి పగిడయ్యకు కొంచెం గుచ్చుకుంది. మా అవ్వ పేరు పెడితే ఎవరు కొంటారులే అని తనకు తానే జవాబు చెప్పుకున్నాడు.

చిగురు చూసి మురిసిపోకూడదని అంట్లు కట్టేవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. కొమ్మలో దాచుకున్న బలంతో చిగురు వస్తుంది. వేరు రాకపోతే ఆ బలం అయిపోగానే చస్తుంది. ఇంత తెలిసిన పగిడయ్య కూడా మురిసిపోయాడు. కూతురికి ఇవ్వాల్సినవి ఏవో మనసులోనే ఏరి పెట్టుకున్నాడు.

తర్వాత ఒక ఉదయం ఒక కొమ్మ అడుగున నల్లబడి కనిపించింది. పీకి చూస్తే వేరు లేదు, కుళ్ళు వాసన. మర్నాటికి వరస వరసే నల్లబడింది. తుంపర తగ్గించాడు. కవరు ఎత్తి గాలి పెట్టాడు. బూజు మందు కలిపి పోశాడు. గిన్నెలు కడిగిన నీళ్ళతో, ఎర్రటెండలో, రాతినేలలో బతికిన జాతిని తాను దవాఖానాలో రోగిని పెట్టినట్టు తడిగదిలో పెట్టానని అతనికి తట్టేసరికి ఆలస్యమైపోయింది. పని తెలిసినవాడు చేసిన తప్పు ఇది. తెలియనివాడైతే గోడ పక్కన గుచ్చి మర్చిపోయేవాడు, అవి బతికేవి. తొట్టిలో మొదలు ఎప్పుడు చచ్చిందో కూడా తెలియలేదు. గోరుతో బెరడు గీకితే లోపల కట్టెపుల్ల.

రావుగారు తిట్టలేదు. చీటీల పెట్టె కాలితో బల్ల కిందికి నెట్టారు. "మీ గూడేల్లో ఇంకెక్కడైనా ఉంటుంది చూడవయ్యా. ఒక్క చెట్టే ఎలా ఉంటుంది? అడిగి చూడు," అన్నారు.

"లేదు సారూ. అదొక్కటే," అన్నాడు పగిడయ్య. అబద్ధం కాదు. అతను నిజంగానే అలా అనుకున్నాడు.

చచ్చిన కొమ్మలను ట్రేలతో సహా ఎరువు గుంటలో బోర్లిస్తుంటే, గొట్టం మూసుకుపోయి తుంపర సరిగ్గా పడని మూలన ఒకటి పచ్చగా కనిపించింది. మెల్లగా కదిపాడు. గట్టిగా పట్టుకుని ఉంది. పొట్టు పక్కకు తీస్తే తెల్లటి వేరు, దారప్పోగంత. పగిడయ్య చేతిలో ట్రే కింద పెట్టాడు. చుట్టూ చూసి, ఆ మొక్కను మట్టికుండీలోకి మార్చి, నిమ్మ మొక్కల వెనక పెట్టి, పైన ఎండుటాకులు కప్పాడు. అన్నీ పోయాయని రావుగారికి చెప్పాడు. ఆయన ఉప్పు తింటూ ఆయనకు అబద్ధం చెప్పడం అదే మొదలు. చెప్పినందుకు భయం వేయలేదు. అక్క ముందు నిలబడడానికి ఒక ముఖం దొరికినట్టయింది.

*

కుండీని సంచిలో పెట్టుకుని, బస్సులో ఒళ్ళో ఉంచుకుని, భద్రాచలంలో దిగి చెర్ల బస్సెక్కాడు. గతుకు వచ్చినప్పుడల్లా రెండు చేతులతో పైకి ఎత్తి పట్టాడు. పక్కాయన ఏంది అందులో అని అడిగితే మందు మొక్క అన్నాడు. పెళ్ళి ఇంకో నాలుగు పొద్దుల్లో ఉంది.

జంపక్క పందిరి కింద తునికాకు కట్టలు కడుతోంది. ఆకులను తొడిమలు ఒక వైపు వచ్చేలా పేర్చి, అరచేత్తో చరిచి, నార రెండు చుట్లు తిప్పి పళ్ళతో బిగించి, వెనక్కి వేస్తోంది. నాగలక్ష్మి పక్క గూడెంలో చుట్టాలను పిలవడానికి పోయింది. పెరట్లో పాత గుంట పూడ్చి ఉంది. దాని పక్కన రావుగారి జాతి మొక్కలు నాటి ఉన్నాయి. ఒకటి ఎప్పుడో ఎండిపోయింది. రెండోదానికి నాలుగు మాడిన ఆకులున్నాయి. దానికి ఎండ తగలకుండా ఎవరో తాటాకు అడ్డం గుచ్చారు, అడుగున నేల తడిగా ఉంది.

"దానికి నీళ్ళు దేనికక్కా. బతకదది," అన్నాడు పగిడయ్య, కోయలోనే.

"అదేం పాపం చేసింది," అంది జంపక్క తెలుగులో. "ఎవరో తెచ్చి ఈడ పడేసిన్రు."

అతను కూర్చుని సంచి విప్పాడు. కుండీ తీసి ఇద్దరి మధ్యా పెట్టాడు. మొక్కకు అప్పటికి మూడు ఆకులు విచ్చాయి.

"తెచ్చిన అక్కా. అన్ని పోయినయ్, గిదొక్కటే మిగిలింది. సారుకు చెప్పకుండ తెచ్చిన."

"దొంగతనంగనా?"

"మనదే కదక్కా. దొంగతనమెట్లయితది?"

"మనదని ఎప్పుడు ఎర్కయింది నీకు?"

పగిడయ్య ఆకుల కుప్ప దగ్గరికి జరిగి, తానూ ఒక కట్ట పేర్చబోయాడు. జంపక్క కుప్పను చాటతో సహా తన వైపు లాక్కుంది. కోపంగా ఏం కాదు. చుట్టపు మనిషి చేత పని చేయించకూడదన్నట్టు.

"పిల్లకు కొమ్మ గావాలె గదక్కా," అన్నాడు, గొంతు తగ్గించి. "ఇగ ఏడ లేదది. ఇదే ఆఖరుది. నువ్వు కాదంటే పిల్ల ఒట్టిగ పోతది."

జంపక్క పళ్ళ మధ్య నార తీసింది. అతన్ని మొదటిసారి తిన్నగా చూసింది.

"ఏడ లేదని ఎవరు చెప్పిన్రు నీకు?"

"ఏడున్నది? ఒక్క చెట్టేనాయె."

"మన మేనత్తలు ముగ్గురు. ఏయే ఊర్లకు పోయిన్రు? చిన్నాయన బిడ్డ గంగక్క ఏడికి పోయింది? దాని ఇద్దరు బిడ్డలు ఏడికి పోయిన్రు? అందరు ఒట్టి చేతుల్తోని పోయిన్రా?"

 మేనత్తలవి తప్ప, ఆ పెళ్ళిళ్ళన్నింటిలో పగిడయ్య ఉన్నాడు. పందిళ్ళు వేశాడు, డోలు మోశాడు, గంగక్కను సాగనంపుతూ ఏటిదాకా నడిచాడు. ప్రతి పెళ్ళికూతురి ఒళ్ళోనూ తడిగుడ్డ మూట చూశాడు. అదేదో ఆడవాళ్ళ తంతు అనుకున్నాడు. ఆ కొమ్మ పోయి ఏమవుతుందో, దాన్ని ఎవరైనా నాటుతారేమో అన్న ఊహ, కొమ్మలు నాటుకుంటూ బతికిన ఈ మనిషికి ఒక్కనాడూ రాలేదు. ఏటికి అవతలా ఇవతలా, ఎన్నో పెరళ్ళలో, గిన్నెలు కడిగిన నీళ్ళ పక్కన ఆ చెట్టు ఉంది. తాను దాచిన మొక్క మీద లోకం ఆగి ఉందనుకుని, గతుకు గతుకుకూ ఎత్తి పట్టుకుని తెచ్చాడు.

"ఏ ఊర్ల బతికున్నదక్కా?"

అడిగాక గానీ తన నోటినుంచి ఏం వచ్చిందో అతనికి తెలియలేదు.

"ఎందుకు?" అంది జంపక్క.

ఊరికే అందామనుకున్నాడు. సంతోషం కొద్దీ అడిగానందామనుకున్నాడు. రావుగారు అడిగి చూడమన్న మాట చెవిలో మోగింది.

"నేను పోయి చెప్తననా అక్కా?"

"మొన్న ఫోటో ఎవరు చూపెట్టిన్రు?" ఆమె మళ్ళీ ఆకులు పేర్చడం మొదలుపెట్టింది. "కొమ్మ వస్తది. ఏడికెల్లి వస్తదో నీకొద్దు. గిది తీసుకపో. ఈడుంటే రేపు మీ సారు ఎతుక్కుంట మల్ల ఆటో కట్టుకొస్తడు."

"అక్కా, నాతోని మన మాట మాట్లాడే," అన్నాడు పగిడయ్య. అంతకు మించి ఏమడగాలో అతనికి తెలియలేదు.

జంపక్క లేచి లోపలికి పోయి, చెంబుతో నీళ్ళు తెచ్చి అతని ముందు పెట్టింది.

"బస్సు పోతది. తాగి పో," అంది.

*

ఆ కుండీని ఏం చేయాలో దారి పొడవునా అతనికి తోచలేదు. గోదావరి వంతెన మీద కిటికీలోంచి విసిరేద్దామనుకున్నాడు. చేతులు రాలేదు. వేరు పట్టిన మొక్కను పారేయడం అతని చేతులకు రాదు, అంతే. మర్నాడు పొద్దున్నే దాన్ని తెచ్చి ఖాళీ ట్రేల పక్కన పెట్టాడు.

రావుగారు చూడనే చూశారు. "ఇదెక్కడిదయ్యా?"

"మూలకు ఒకటి మిగిలింది సారూ. నిన్న కనబడ్డది."

ఆయన కుండీని రెండు చేతులతో ఎత్తి ఎండలో తిప్పి చూశారు. కూలీలందరినీ పిలిచారు. అన్నీ పోయినా ఒకదాన్ని బతికించాడు చూడండి, ఇదీ చేతి చలవ అంటే, మీరూ ఉన్నారు దేనికి అన్నారు. బల్ల కింద పెట్టె లాగి ఒక చీటీ తీసి, తన చేత్తోనే కుండీకి కట్టారు. "కూతురి పెళ్ళి కదూ. వారం సెలవు తీసుకో. వచ్చాక దీన్నుంచి అంట్లు మొదలుపెడదాం," అన్నారు.

పగిడయ్య అవ్ సారూ అన్నాడు. ఆ పొగడ్త కోసమే ఒకప్పుడు ఫోన్ తీసి చూపించాడు. ఇప్పుడది నిండా దొరికింది. ఉమ్మేయాలనిపించినా మింగాడు.

*

పెళ్ళి పనుల్లో ఎక్కడా అతనికి తక్కువ జరగలేదు. తండ్రి చేయాల్సినవన్నీ చేయించారు. ఆవుదూడను అతని చేతనే తోలించారు, పెద్దల ముందు అతన్నే కూర్చోబెట్టారు. జంపక్క వచ్చినవాళ్ళందరితో నవ్వుతూ కోయలో మాట్లాడింది. అతన్ని మాత్రం, "అన్నం తిన్నవా?" అని తెలుగులో అడిగింది. విన్నవాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకుని ఊరుకున్నారు. గూడెమంతటికీ తెలిసిన సంగతే.

సాగనంపే ముందు ఆడవాళ్ళు నాగలక్ష్మిని ఇంట్లోకి తీసుకుపోయారు. గంగక్క నడుముకు ఒక సంచి కట్టుకుని అందరికంటే వెనక వెళ్ళింది. అతని ఎరుకలో ఆ తంతుకు ఎప్పుడూ తలుపు వేసేవాళ్ళు కాదు. మగవాళ్ళు అటు వచ్చేవాళ్ళూ కాదు, వస్తే పొమ్మనేవాళ్ళూ లేరు. ఆ రోజు పగిడయ్య వసారాలోకి వచ్చేసరికి లోపలినుంచి తడిక వేసుకున్నారు.

నాగలక్ష్మి బయటికి వచ్చి ట్రాలీ ఆటోలో, కొత్త కుండల మధ్య కూర్చుంది. ఒళ్ళో తడిగుడ్డ మూట ఉంది. గుడ్డ చివరినుంచి నీళ్ళు కారి పసుపు చీర తడుస్తోంది. ఆకు ఒకటి బయటికి కనిపిస్తోంది. ఆ ఆకును అతను ఎక్కడున్నా గుర్తుపడతాడు. కొమ్మ మరీ లేతదేమో, కోత వంకరగా పడిందేమో, ఎండ పొద్దు, చాలా దూరం పోవాలి. అలవాటైన చెయ్యి దానంతటదే ముందుకు పోయింది.

"జర చూడనియ్యి బిడ్డా. కింది కోత సక్కగ లేకుంటే పట్టదది."

నాగలక్ష్మి మూటను ఎత్తి అవతలి పక్కన, కుండల చాటున పెట్టుకుంది.

"అత్త చూసింది నాయినా," అంది.

అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ పిల్ల కళ్ళనిండా నీళ్ళున్నాయి. కొంగుతో తుడుచుకుని, ఎవరికీ వినపడకుండా ముందుకు వంగి, తమ మాటలోనే చెప్పింది.

"మా ఇంటికి రా నాయినా. రాకుండ ఉండకు. వస్తే ముంగటి అరుగు మీద కూసో, అన్నం అక్కడికే తెస్త. పెరట్లకు మాత్రం రావద్దు."

పగిడయ్య సరే అన్నాడు. కాదనే హక్కు గానీ, నేను చెప్పనని ఒట్టేసే ధైర్యం గానీ అతని దగ్గర లేవు. ఒట్టేసినా నిలబడతానని అతనికే నమ్మకం లేదు. డోళ్ళు మొదలయ్యాయి. అతను ఆటో వెనక తలుపు పైకి ఎత్తి, రెండు వైపులా కొక్కేలు వేసి, ఊడకుండా ఉన్నాయో లేదో లాగి చూశాడు.